గుంజితే ఊడాల్సిన పట్టీ

మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా ముందు నేను గుంజి చూస్తాను. సంచి అయితే చెవులు పట్టుకుని గుంజుతాను, కుర్చీ అయితే కాళ్ళు ఊపుతాను, గ్యాస్ ట్యూబు అయితే సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమోనని కూర్చుంటాను. పెళ్ళిచూపులకు వచ్చిన రోజున మా ఆయన చొక్కా గుండీ ఒకటి దారం మీద వేలాడుతోందని కూడా గమనించాను. ఆ సంగతి పెళ్ళయ్యాక చెప్తే ఆయన చాలాకాలం నవ్వాడు. ఇప్పుడు నవ్వడం మానేశాడు.

ఇది సగం పుట్టుకతో వచ్చిన బుద్ధి, సగం ఉద్యోగం నేర్పిన బుద్ధి. పాశమైలారం దగ్గర ఒక చిన్న కంపెనీలో, ఎత్తుల మీద పనిచేసేవాళ్ళు కట్టుకునే సేఫ్టీ బెల్టులు కుడతారు. కుట్టినవాటిని తనిఖీ చేయడం నా పని. ప్రతి బెల్టునూ కొక్కేనికి తగిలించి బరువు వేసి గుంజాలి. ఊడిందా, పక్కన పడేయాలి. కుట్టు కంటే ముందు నేను కుట్టినవాడి మొహం చూస్తాను. నా కళ్ళలోకి చూసి ఇచ్చినవాడి బెల్టు ఒకసారి గుంజుతాను. ఎటో చూస్తూ "కుచ్ నహీ హోగా మేడం" అన్నవాడి బెల్టు రెండుసార్లు గుంజుతాను. ఏమీ కాదు అని ముందే చెప్పేవాళ్ళ దగ్గరే ఏదో ఒకటి అవుతుందని నా నమ్మకం.

అలాంటి నా దగ్గరికి ఒక సాయంత్రం మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. అది కూడా చేయి పెట్టి ఏరడం మొదలుపెట్టింది. డిగ్రీ అయిపోయి పటాన్‌చెరులో ఉద్యోగం చేస్తున్న పిల్ల, అడగకుండా బియ్యం ఏరడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడే నాకు అనుమానం మొదలైంది.

"అమ్మా, నేను వైజాగ్ పోత. అక్కడ సముద్రంల కయాక్ నడపాలె. తీరం పొంటి కొన్ని దినాలు," అంది.

ఆదివారాలు నగరం అవతల ఏదో చెరువులో బోటింగ్ చేస్తోందని నాకు తెలుసు. పార్కుల్లో పెడల్ తొక్కే హంస బొమ్మల పడవల్లాంటివి అనుకున్నాను. కయాక్ అంటే అది కాదట. సన్నగా, పొడుగ్గా ఉంటుందట. నడుము దాకా లోపల కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడపాలట.

"ఎవరు నడుపుతారు?"

"నేనే. ఒక్కదాన్నే కూసుంట దాంట్ల. పక్కపొంటి మా కోచ్ ఉంటడు, ఇంకొందరు ఉంటరు."

మా ఆయన టీవీ చూస్తున్నాడు. టీవీలో సిమెంటు ప్రకటన వస్తోంది. దాన్ని అంత శ్రద్ధగా చూస్తున్నాడంటే ఈ సంగతి ఆయనకు ముందే తెలుసన్నమాట. తండ్రీ కూతురూ మాట్లాడుకుని, చివరికి నా దగ్గరికి వచ్చారు.

"డాడీ సరేనన్నడు. కానీ నువ్వు ఊఁ అంటెనే పోత. లేకుంటె పోను," అంది అమ్మాయి.

అది బతిమాలి ఉంటే తిట్టి పంపేదాన్ని. అలిగి ఉంటే ఆ అలకను ఎలా తీర్చాలో నాకు తెలుసు. ఇలా తీసుకొచ్చి నా చేతిలో పెట్టేసరికి ఒళ్ళు మండింది. ఇక పోనిచ్చినా నాదే పాపం, ఆపినా నాదే పాపం.

మా వీధిలో ఈ సంగతి తెలిసినవాళ్ళంతా నాకే ధైర్యం చెప్పారు. "మీరు సముద్రమోళ్ళు గదక్కా, మీకేం భయం?" అని. మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడి క్వార్టర్స్‌లో. సముద్రాన్ని నేను చూసింది రెండేసార్లు. మొదటిసారి ఒడ్డున నిలబడితే అల వచ్చి పోతూ పోతూ కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోయింది. నిలబడ్డ మనిషి కాళ్ళ కింద నుంచి చెప్పకుండా నేలను లాగేసేదాన్ని ఎవరైనా ఎలా నమ్ముతారు? రెండోసారి దూరంగా కూర్చుని చూశాను.

తరువాతి ఆదివారం అమ్మాయి పెద్ద సంచి నిండా సామాన్లు మోసుకొచ్చింది. నేను చూడకుండా ఊరుకోనని దానికి తెలుసు. చాప పరిచి ఒక్కొక్కటే నా ముందు పెట్టింది. మా అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఆవిడ వారంలో సగం రోజులు చిట్కుల్‌లో మాతో ఉంటుంది, మిగతా సగం హత్నూర వైపు మా పొలం దగ్గర ఉంటుంది. టమాటా కోతల కాలమైతే మేము పిలిచినా రాదు.

ముందు లైఫ్ జాకెట్. కుట్లు బాగున్నాయి, కానీ కుట్లు బాగున్నంత మాత్రాన లోపలి స్పాంజి మంచిదని ఎవరు చెప్పారు? పెరట్లో హౌజు నిండా నీళ్ళున్నాయి. రుబ్బురోలు పొత్రాన్ని తెచ్చి, దానికి జాకెట్ తొడిగి, బెల్టులన్నీ బిగించి హౌజులో పడేశాను. పొత్రం ఒకసారి మునిగి పైకి తేలింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే ఇంకా తేలుతూనే ఉంది. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశపడ్డాను. జాకెట్‌కు కట్టిన ఈల ఊది చూశాను. పక్కింటావిడ కుక్కర్ అనుకుని పొయ్యి ఆపడానికి పరుగెత్తింది. అదీ బాగానే ఉంది. నీళ్ళు తోడే చేతిపంపు పనిచేసింది, తాడు తెగలేదు.

చివర్లో ఒక నల్లటి రబ్బరు గుడ్డ తీసింది. మధ్యలో నడుముకు తొడుక్కునే గొట్టం, చుట్టూ వెడల్పుగా గుడ్డ, అంచున గట్టి ఎలాస్టిక్.

"దీన్ని స్కర్ట్ అంటరు. నడుముకు తొడుక్కొని, మనం కూసునే గుంత అంచుకు చుట్టూ బిగియ్యాలె. ఇగ అల కొట్టినా చుక్క నీళ్ళు లోపలికి రావు."

"పడవకు లంగ ఏందే?" అని అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు నవ్వు రాలేదు. కాళ్ళు లోపల, నడుము చుట్టూ బిగించిన గుడ్డ. పడవ తలకిందులైతే ఈ పిల్ల తల నీళ్ళలో, కాళ్ళు పైన, బయటికి రావడానికి దారి లేదు. నీళ్ళు లోపలికి రానివ్వని గుడ్డ మనిషిని బయటికి రానిస్తుందా? అదే అడిగాను.

అమ్మాయి గుడ్డకు ముందువైపున్న ఎర్రటి పట్టీ చూపించింది. బొటనవేలు దూరేంత ఉంగరంలా వేలాడుతోంది. "పడవ తిరగబడితె గాబరా కావద్దు. ముందుకు వంగాలె. పడవను మూడుసార్లు చేత్తో కొట్టాలె, బయటున్నోళ్ళకు తెలుస్తది. తర్వాత ఈ పట్టీ పట్టి ముందుకు తోసి గుంజాలె. స్కర్ట్ ఊడొస్తది. చేతులు నడుము కాడ పెట్టి తోసుకుంటె ప్యాంటు విడిచినట్టు కాళ్ళు బయటికొస్తయి. గంతే."

"చీకట్లో, నీళ్ళలో, తలకిందులుగా ఇవన్నీ గుర్తుంటాయా?"

"గుర్తు పెట్టుకునుడు కాదమ్మా. చెయ్యి దానంతటదే పోవాలె. మునిగినంక అన్నిటికంటె ముందు చెయ్యి ఈ పట్టీ మీదికే పోవాలె."

"ముందు చెయ్యి పడేది గీడనా?" అని అత్తమ్మ వంగి ఆ పట్టీని వేలితో తాకి చూసింది. అవునంది అమ్మాయి. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. నా మనసంతా ఆ పట్టీ మీదే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో గుంజితే ఊడిన ప్రతిదాన్నీ పక్కన పడేశాను. గుంజితే ఊడాలి అనే వస్తువును చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారి. దాన్ని దేనితో తూచాలో నాకు తెలియలేదు.

"నువ్వు బయటికి రావడం నా కళ్ళతో చూడాలి. చూశాకే ఊఁ అంటానో ఉఁహూఁ అంటానో చెప్తాను," అన్నాను.

ఎక్కడ చూడాలి అన్నదాని మీద వారం రోజులు వాదన నడిచింది. మా ఆయన మంజీర అన్నాడు. మంజీరలో మొసళ్ళున్నాయి. అవి మనుషుల జోలికి రావని ఆయన అంటాడు. ఆ సంగతి మొసళ్ళు ఆయనకు చెప్పాయా? అమ్మాయి వాళ్ళ కోచ్ ఏదో ఈతకొలనులో చేయించి చూపిస్తానన్నాడట. పలకలు పరిచిన అడుగు, కాళ్ళు అందే లోతు, అద్దంలాంటి నీళ్ళు. కంపెనీకి తనిఖీ అధికారులు వచ్చే రోజున ముందే ఏరి పెట్టిన బెల్టులు చూపించినట్టు ఉంటుంది అది. నాకు అక్కర్లేదన్నాను. చివరికి అత్తమ్మే తేల్చింది.

"మన మోటబాయిల తిప్పుండ్రి. గీసారి వానలకు నిండుగున్నది. దసరాకు అందరం ఆడనే ఉంటం గదా."

మోటబావి అంటే ఒకప్పుడు ఎడ్లతో నీళ్ళు తోడిన పెద్ద బావి. ఒకవైపు నీళ్ళలోకి దిగే వెడల్పాటి రాతిమెట్లున్నాయి. మా ఆయన చిన్నప్పుడు వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని అందులోనే ఈత నేర్చాడు. అడుగు ఆయనకూ తెలియదు. నీళ్ళు ముదురాకుపచ్చగా ఉంటాయి, చేయి పెడితే మణికట్టు దాటాక వేళ్ళు కనపడవు. అది నాకు నచ్చింది. మంచిగా నటించకుండా భయపెట్టే నీళ్ళు అవి.

దసరా మర్నాడు పొద్దున కయాక్ ట్రాలీ ఆటోలో వచ్చింది. నారింజ రంగు పడవ, ఆటో కంటే పొడుగు. వెనక తోకకు ఎర్రగుడ్డ కట్టారు. దాని వెంట కోచ్ దిగాడు. నేవీలో పనిచేసి వచ్చిన మనిషి, నలభై దాటి ఉంటాయి. మా పుట్టింటివాళ్ళ యాసలో మాట్లాడాడు. ఆ యాస వినగానే నాకు ఇంకా జాగ్రత్త అనిపించింది. మనవాళ్ళలా మాట్లాడేవాడిని మనం తక్కువ తనిఖీ చేస్తాం.

"ఏం కాదండి మేడం. అమ్మాయి చాలా బాగా చేస్తుందండి," అన్నాడు దిగీ దిగగానే.

వచ్చింది చూశారా, ఆ మాట. ఆయన నవ్వు కూడా నాకు నచ్చలేదు. పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వుతున్నాడు. వాళ్ళ పిల్లలను ఎప్పుడైనా ఇందులో కూర్చోబెట్టారా అని అడిగాను. తనకు పెళ్ళి కాలేదన్నాడు. ఇంకేం, పిల్లలు లేని మనిషికి నా పిల్లను అప్పజెప్పాను అనుకున్నాను.

పడవను తాళ్ళతో మెల్లగా దించి, చివరి మెట్టు పక్కన నీళ్ళ మీద పెట్టారు. మా ఆయన మెట్టు మీద కూర్చుని దాన్ని పట్టుకున్నాడు. అమ్మాయి జాకెట్ తొడుక్కుని, స్కర్ట్ వేసుకుని లోపలికి దిగింది. గుడ్డ అంచును గుంత చుట్టూ బిగించింది. నేను వంగి చూశాను. ఎర్ర పట్టీ పైనే ఉంది, బయటికే ఉంది. కోచ్ కూడా వేలితో తాకి చూసి, లారీ ట్యూబు ఒకటి చంకలో పెట్టుకుని నీళ్ళలోకి దిగాడు.

ఇక్కడ మా అత్తమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ చేతుల మీదుగా కంకణం కట్టకుండా మా ఇంట్లో ఏ యంత్రమూ పని మొదలుపెట్టదు. పసుపు రాసిన నూలు దారం అనేక పేటలు పేని, దానికో నిమ్మకాయ గుచ్చి కడుతుంది. బోరు మోటరుకు కట్టింది, ట్రాక్టర్‌కు కట్టింది, మా మిక్సీకి కూడా కట్టింది. దానికి ఒక పద్ధతి ఉంది. పనిలోకి దిగినప్పుడు చెయ్యి ముందుగా ఎక్కడ పడుతుందో అక్కడే కట్టాలి. ట్రాక్టర్‌కైతే స్టీరింగుకు, మోటరుకైతే స్టార్టర్ మీటకు. చెయ్యి పడే చోటే ఆపద పొంచి ఉంటుందని ఆవిడ అత్తగారు చెప్పిందట. దసరా రోజున ఇంట్లో కత్తులకు, కొడవళ్ళకు పూజ అయింది కానీ పడవ అప్పటికి రాలేదు. అందుకని పళ్ళెంలో కొబ్బరికాయ, కుంకుమ, బంతిపూలు పెట్టుకుని బావి దగ్గరికే వచ్చింది.

ఆవిడ మెట్లు దిగుతుంటే నేను చూశాను. చూసి, మళ్ళీ కోచ్ వైపు తిరిగాను. నాకు ఆయన దగ్గర ఒక జవాబు కావాలి.

"అమ్మాయి బయటికి రాకపోతే ఎంతసేపు చూసి మీరు లోపలికి వెళ్తారు?"

"రాకపోవడం అంటూ ఉండదండి."

"ఉంటే?"

"పడవ మీద మూడు దెబ్బలు కొడితే బాగున్నానని అండి. తర్వాత పట్టీ లాగేస్తుంది. ఆ దెబ్బలు మళ్ళీ మళ్ళీ వినపడితే నేను వెళ్ళిపోతానండి."

"వినపడకపోతే?"

ఆయన నవ్వడం ఆపాడు. నేను ఆ మొహంలో దేన్నో వెతుకుతున్నాను. వెనక కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. "కండ్లు మూసుకొని దండం పెట్టు బిడ్డా," అన్న అత్తమ్మ గొంతు వినపడింది. నేను తిరిగి చూసేసరికి పూజ అయిపోయింది. పడవ ముక్కుకు కుంకుమ బొట్లు, అమ్మాయి నుదుట బొట్టు, దాని ముందు బంతిపూల దండ. అత్తమ్మ పళ్ళెం తీసుకుని మెట్లెక్కుతోంది.

కోచ్ ట్యూబు పట్టుకుని ఈదుకుంటూ కొంచెం ఎడంగా నిలిచాడు. మా ఆయన పడవను వదిలాడు. అమ్మాయి తెడ్డుతో నాలుగు పోట్లు వేసి బావి మధ్యకు పోయింది. నా వైపు చూసి, "అమ్మా, చూస్తున్నవా?" అంది. చూస్తున్నానన్నాను. అది తెడ్డు వదిలేసి, గాలి పీల్చుకుని పక్కకు ఒరిగింది.

పడవ తేలిగ్గా తిరగబడింది. నారింజ రంగు అడుగు పైకి వచ్చింది. బంతిపూలు నీళ్ళ మీద చెదిరాయి. ఠప్ ఠప్ ఠప్ మని మూడు దెబ్బలు వినపడ్డాయి. అవి బాగా వినపడ్డాయి.

తరువాత ఏమీ లేదు.

పడవ కొంచెం ఊగింది. ఆగింది. మళ్ళీ ఊగింది, ఈసారి గట్టిగా, లోపలినుంచి ఎవరో తన్నినట్టు. నేను చివరి మెట్టు మీద ఉన్నాను. నాకు ఈత రాదు. నడుము దాకా నీళ్ళలోకి ఎప్పుడు దిగానో తెలియదు. మళ్ళీ దెబ్బలు. అవి మూడు కావు, వరుస తప్పి పడుతున్నాయి. కోచ్ ట్యూబు వదిలేసి మునిగాడు. మా ఆయన జేబులో ఫోనుతో సహా దూకాడు. పైన అత్తమ్మ, "అయ్యో బిడ్డా, అయ్యో బిడ్డా," అని అరుస్తోంది. నా బిడ్డ నాకు అడుగుల దూరంలో, ఆ ఆకుపచ్చ నీళ్ళలో తలకిందులుగా ఉంది. ఇన్నేళ్ళుగా గుంజి చూసిన చేతులు గాలిలో ఊరికే ఉన్నాయి.

మగవాళ్ళు పడవను చేరకముందే అవతలి పక్క నీళ్ళు పగిలాయి. ముందు అమ్మాయి జాకెట్, తరువాత తల. పెద్దగా గాలి పీల్చి దగ్గింది. ఒక చేత్తో పడవను వదలకుండా పట్టుకుంది. వాళ్ళ నాన్న వెళ్ళి పట్టుకోబోతే, "నేను మంచిగనే ఉన్న డాడీ, పడవ పట్టుకో," అంది.

ఒడ్డుకు తెచ్చాక మా ఆయన కోచ్ చొక్కా పట్టుకున్నాడు. "ఏమ్ సామాన్ ఇది? ఏం కాదంటివి గదా! పిల్లకు జెర అయితే ఎవడు జిమ్మేదార్?" అని కేకలేస్తున్నాడు. కోచ్ మొహం తెల్లబోయింది. ఈ స్కర్ట్‌తో తాను వందసార్లు బయటికొచ్చానండి అంటున్నాడు. ఒక గంట ముందైతే నేను కూడా మా ఆయనతో కలిసి చొక్కా పట్టుకునేదాన్ని. కానీ నేను పడవ దగ్గర వంగి చూస్తున్నాను.

స్కర్ట్ పక్కవైపు ఊడిపోయి ఉంది. ముందువైపు ఊడలేదు. ఎర్ర పట్టీ దాని చోటనే ఉంది. దాని చుట్టూ పసుపు దారం, అనేక పేటలది, తడిసి బిర్రుగా ముడుచుకుపోయింది. పట్టీలో నుంచి వచ్చి, పడవ పైనున్న కొక్కెం చుట్టూ తిరిగి, మూడు ముళ్ళు పడింది. నిమ్మకాయ నీళ్ళలో పడిపోకుండా అలా బిగించిందని చూడగానే అర్థమైంది. దాని మీద బంతిపూల దండ వేసేసరికి ఎవరికీ కనపడలేదు. చెయ్యి ముందుగా పడే చోటు ఏదో అత్తమ్మకు మేమే చెప్పాం. ఆవిడ అక్కడే కట్టింది.

నేను స్పాంజిని అనుమానించాను, కుట్లను, ఈలను, మొసళ్ళను, సముద్రాన్ని, మా ఆయన టీవీ చూడడాన్ని, ఆ కోచ్ పళ్ళను అనుమానించాను. మనవరాలి కోసం పొద్దున్నే లేచి తడిబట్టతో పసుపు దారం పేనిన మనిషిని అనుమానించడం నాకు చేతకాలేదు. ఎవరికి మాత్రం చేతనవుతుంది?

ముళ్ళు విప్పలేకపోయాను. కొడవలితో కోశాను. దారాన్నీ నిమ్మకాయనూ పిడికిట్లో ముడుచుకుని లేచేసరికి అమ్మాయి నన్నే చూస్తోంది. దగ్గరికి వచ్చి నా చెవిలో, "నానమ్మకు చెప్పకు," అంది.

"ఎలా వచ్చావే?" అన్నాను.

"పట్టీ గుంజిన, రాలే. ఇంకోసారి గుంజిన, రాలే. జెర సేపు నాకేం సమజ్ కాలే అమ్మా. కొట్టిన, తన్నిన. అప్పుడు, పట్టీ దొరకకుంటె పక్కకు పొమ్మని సార్ చెప్పింది యాదికొచ్చింది. నడుము పక్కన అంచు మీద గుడ్డను పిడికిట్లకు తీసుకొని, మోకాలుతోని పైకి తన్నిన. ఊడింది."

నేను మెట్లెక్కి మా ఆయన చేతిని కోచ్ చొక్కా మీద నుంచి తీశాను. "వదిలేయండి. ఆయన తప్పేం లేదు. గుడ్డ ఎక్కడో తట్టుకుంది," అన్నాను. పెళ్ళయ్యాక నేను ఎవరి తప్పూ లేదన్న మాట ఆయన మొదటిసారి విన్నాడు. ఆ విడ్డూరానికే చొక్కా వదిలేశాడు. కోచ్ నా వైపు, నా మూసిన పిడికిలి వైపు చూశాడు. ఏదో అడగబోయి, ఊరుకున్నాడు. ఆ మనిషి మీద నాకు అప్పుడు కొంచెం నమ్మకం కలిగింది.

అమ్మాయి మళ్ళీ కూర్చుంటానంది. వాళ్ళ నాన్న వద్దంటే వద్దన్నాడు. అది వినలేదు. ఇప్పుడు భయం పట్టుకుంటే ఇక జన్మలో ఎక్కలేనంది. కూర్చుంది, తిరగబడింది, మూడు దెబ్బలు కొట్టింది, పట్టీ గుంజింది, నేను ఊపిరి బిగపట్టేలోపే పైకి వచ్చింది. అంతా దానికి నేర్పినట్టే జరిగింది. కోచ్ చప్పట్లు కొట్టాడు.

కానీ ఆ రెండోసారిది నాకు లెక్కలోకి రాలేదు. మొదటిసారే అంత సాఫీగా వచ్చి ఉంటే, పొలం గట్టు మీద కూర్చుని ఇంకో వంద ప్రశ్నలు వేసి, చివరికి ఉఁహూఁ అనే ఉండేదాన్ని. పట్టీ పనిచేస్తే పట్టీని నమ్మాలి, అది రేపు పనిచేయకపోతే ఎలా అని అడగాలి. ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు నా కళ్ళ ముందే వచ్చింది. నేను ఎన్నడూ పెట్టలేని పరీక్ష మా అత్తమ్మ ప్రేమతో పెట్టింది. పిల్ల అందులోంచి బయటికి వచ్చింది.

జుట్టు తుడుచుకుంటున్న అమ్మాయితో, "పో," అన్నాను.

"ఎక్కడికి?"

"ఆ సముద్రానికి."

అది తుండుగుడ్డలో మొహం పెట్టుకుని ఏడ్చింది. నీళ్ళలో ఏడవని పిల్ల ఒడ్డున ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ మధ్యాహ్నం అన్నాలు తింటుంటే అత్తమ్మ, "సూసిన్రా, ఎంత గండం తప్పిందో. కంకణం కట్టకుంటె ఏమవుతుండెనో," అంది. అమ్మాయి నా వైపు చూసింది. నేను పప్పు వడ్డిస్తూ, "అవునత్తమ్మా," అన్నాను. ఎడమచేత్తో గరిటె పట్టుకున్నాను. కుడి అరచేయి నిండా పసుపు, సబ్బుతో రుద్దినా పోలేదు. అత్తమ్మ అన్నం సగంలో చేయి కడుక్కుని, ఆకలి లేదని లేచిపోయింది. గాబరా పడింది కదా, అందుకే తినలేదు అనుకున్నాను.

అమ్మాయి బయలుదేరే రోజున ఇస్నాపూర్ చౌరస్తాలో వ్యాన్ ఎక్కించడానికి అందరం వెళ్ళాం. కంపెనీ బస్సులు షిఫ్టు మనుషులను దింపుతున్నాయి, హారన్లతో ఎవరి మాటా ఎవరికీ వినపడడం లేదు. సంచి జిప్పులు గుంజి చూశాను. జాకెట్ బెల్టులు గుంజి చూశాను. కోచ్ ఏమీ కాదని అనలేదు. "చెయ్యగలిగినంత జాగ్రత్త చేస్తామండి మేడం," అన్నాడు. అది వినడానికి బాగుంది.

అత్తమ్మ పొలం దగ్గర నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. కొంగు ముడిలో నుంచి పసుపు దారం తీసింది. నేను గబుక్కున అమ్మాయి చేయి పట్టుకుని ముందుకు చాపాను. "ఇక్కడ కట్టండత్తమ్మా, చేతికి," అన్నాను. నా గొంతు అవసరమైనదాని కంటే గట్టిగా వచ్చింది.

ఆవిడ నన్ను చూసింది. అమ్మాయి వాళ్ళ నాన్నతో ఏదో చెప్తూ అటు తిరిగి ఉంది.

"చేతికే కట్టనీకి తెచ్చిన," అంది అత్తమ్మ మెల్లగా. "ఆ దినం నీ అరచెయ్యి పచ్చగుండె. సూసిన. నువ్వు చెప్పలే, నేనడగలే."

ఆవిడ అమ్మాయి మణికట్టు చుట్టూ దారం తిప్పింది. ట్రాక్టర్‌కైనా, మిక్సీకైనా మూడు ముళ్ళు బిర్రుగా వేసి పళ్ళతో లాగి బిగించే మనిషి. ఈసారి పళ్ళు పెట్టలేదు. దారాన్ని మడిచి, ఒక చివర బయటికి వదిలి, దూడను కట్టే తలుగుకు వేసే జారుముడి ఒకటే వేసింది.

"గుంజి సూడు," అంది నాతో.

గుంజాను. దారం ఒక్క లాగుకే ఊడి నా చేతిలోకి వచ్చింది. అత్తమ్మ దాన్ని తీసుకుని, మళ్ళీ అదే ముడి వేసింది.